చేతిలో పట్టా ఉంది.. లైసెన్స్ లేదు!

మీరు నర్సింగో, ఫార్మసీయో, ఫిజియోథెరపీయో, ఎంబీబీఎస్సో చదువుతుంటే ఒక ప్రశ్న ఇప్పటికే మీకు తగిలి ఉంటుంది. ఏదో పెళ్లి భోజనాల దగ్గర డాలస్ నుంచో, మెల్‌బోర్న్ నుంచో వచ్చిన బాబాయ్ అడిగి ఉంటారు. ఈ సర్టిఫికెట్ అక్కడ చెల్లుతుందా అని. మీరు నవ్వేసి, ఏవో ఎగ్జామ్స్ ఉంటాయంట బాబాయ్ అని దాటేసి ఉంటారు.

నాది ఇంజినీరింగ్. మా వాళ్లకి ఈ బాధ తక్కువ. లాప్‌టాప్ తెరిచి కోడ్ రన్ చేసి చూపిస్తే చాలు, సాఫ్ట్‌వేర్ రాయడానికి లైసెన్స్ ఉందా అని ఏ దేశమూ అడగదు. మీ సంగతి అలా కాదు. మీ చేతిలో మనిషి ప్రాణం ఉంటుంది కాబట్టి ప్రతి దేశమూ తన గుమ్మం దగ్గర మిమ్మల్ని ఆపుతుంది. ఎక్కడ చదివారు, ఎన్నేళ్లు చదివారు, ఆ కాలేజీని ఎవరు గుర్తించారు, మా పరీక్ష రాశారా.. అన్నీ అడుగుతుంది. అడగడంలో తప్పేమీ లేదు. కానీ ఆ గుమ్మం దగ్గర ఆగిపోయిన మనిషి పరిస్థితి ఏంటి?

అలా ఆగిపోయిన వాళ్లలో మనకి బాగా తెలిసిన పేరు ఒకటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన గురించి స్కూల్లో ఒక పేరా చదివే ఉంటారు. గొప్ప శాస్త్రవేత్త, ఎన్నో మందులు కనిపెట్టారు, నోబెల్ రాలేదు.. అంతే. ఆ పేరాలో లేని విషయం ఏంటంటే, ఆయన డాక్టర్ చదివి కూడా అమెరికాలో ఒక్క రోజు డాక్టర్‌గా పనిచేయలేదు.

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. నాన్న జగన్నాథం, అమ్మ వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో నాలుగోవాడు. నాన్న రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, ఆరోగ్యం బాగోక ముందే పని మానుకున్నారు. ఇల్లు గడవడం కష్టం. పదమూడేళ్ల వయసులో ఈ కుర్రాడు ఇంట్లోంచి పారిపోయి కాశీ వెళ్దామనుకున్నాడు. సన్యాసం కోసం కాదు, యాత్రికులకి అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించడానికి! మధ్యలోనే పట్టుకుని ఇంటికి తెచ్చారు. చదువూ సాఫీగా సాగలేదు. రాజమండ్రిలో కొంతకాలం చదివి, చివరికి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి మెట్రిక్యులేషన్ గట్టెక్కింది మూడో ప్రయత్నంలో. సప్లీలు పేరుకుపోయి ఇంట్లో మొహం చూపించలేకపోతున్న వాళ్లెవరైనా ఉంటే, ఈ వాక్యం ఇంకోసారి చదువుకోండి.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ అయ్యాక రామకృష్ణ మఠంలో చేరిపోవాలనుకున్నారు. అమ్మ ఒప్పుకోలేదు. అప్పుడు 1915లో మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. ఫీజులకి స్నేహితులు సాయం చేశారు, తర్వాత మామగారు కస్తూరి సూర్యనారాయణ మూర్తి ఆదుకున్నారు. ఆయన కూతురు శేషగిరినే సుబ్బారావు పెళ్లి చేసుకున్నారు. ఇవాళ బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ ఇచ్చినట్టు, ఆ రోజుల్లో పిల్లనిచ్చిన మామే లోన్ ఆఫీసర్ అన్నమాట. దాని బరువు కూడా అలాగే ఉంటుంది. అది ఎవరు మోశారో తర్వాత చెప్తాను.

మెడిసిన్ చదువుతున్నప్పుడు గాంధీజీ పిలుపు వచ్చింది, విదేశీ బట్టలు వదిలేయమని. సుబ్బారావు ఆపరేషన్ థియేటర్‌కి ఖద్దరు గౌను వేసుకెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. పరీక్ష బాగానే రాసినా, చదువు ముగిసేసరికి ఈయన చేతికి ఎంబీబీఎస్ రాలేదు. ఎల్‌ఎంఎస్ వచ్చింది. అంటే లైసెన్షియేట్ ఇన్ మెడిసిన్ అండ్ సర్జరీ. వైద్యం చేసుకోవచ్చు గానీ పూర్తి డిగ్రీ కన్నా ఒక మెట్టు తక్కువ పట్టా.

ఒక మెట్టే కదా అనిపిస్తుంది. మద్రాస్ మెడికల్ సర్వీస్‌లో ఉద్యోగానికి అప్లై చేశారు, రాలేదు. దాంతో మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పే లెక్చరర్‌గా చేరారు. ఆ రోజుల్లోనే ఆ ఇంట్లో పెద్ద విషాదం జరిగింది. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో మనిషి శుష్కించిపోయే రోగం. మెడిసిన్ చదివిన మనిషి, ఇంట్లో ఇద్దరు పోతుంటే చూస్తూ ఉండిపోవాల్సి వచ్చింది. ఎందుకంటే అప్పటికి ఆ జబ్బు ఎందుకొస్తుందో ప్రపంచంలో ఎవరికీ తెలియదు. తనకీ అదే జబ్బు చేస్తే లక్ష్మీపతిగారి వైద్యంతో బతికారని జీవిత చరిత్ర రాసినవాళ్లు చెప్తారు.

ఉష్ణ దేశాల జబ్బుల మీద అసలు పరిశోధన ఎక్కడ జరుగుతోందని ఆరా తీస్తే హార్వర్డ్ పేరు తగిలింది. సీటు వచ్చింది, స్కాలర్‌షిప్ రాలేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ కొంత సాయం చేసింది, మిగిలింది మామగారు సర్దారు. చదువు ముగించుకుని వచ్చేస్తానని శేషగిరిగారికి చెప్పి, 1920ల మొదట్లో ఓడెక్కి బోస్టన్‌లో దిగారు.

అక్కడ ఏమైందో చూడండి. ఫీజు సంగతి హార్వర్డ్ ట్రాపికల్ మెడిసిన్ స్కూల్ పెద్ద రిచర్డ్ స్ట్రాంగ్ అండతో ఎలాగో తీరింది. మరి తిండి, అద్దె? తోటి డాక్టర్లయితే ఆసుపత్రిలో ఇంటర్న్‌గా చేరి గడిపేస్తారు. ఈయన చేతిలో ఉన్నది మద్రాసు ఎల్‌ఎంఎస్. దాన్ని చూసి అమెరికాలో వైద్యం చేయనివ్వరు. కాబట్టి పీటర్ బెంట్ బ్రిగామ్ హాస్పిటల్‌లో ఆయనకి దొరికిన పని నైట్ పోర్టర్. రోగుల బెడ్‌పాన్లు తీయడం, మూత్రం పాత్రలు కడగడం. పగలు హార్వర్డ్‌లో క్లాసులు, రాత్రి అదే వీధిలో ఆసుపత్రి వార్డులో ఈ చాకిరీ.

ఇక్కడ మనం మామూలుగా చేసే పని ఏంటంటే, ఆహా ఎంత కష్టపడ్డారో అని చేతులెత్తి దండం పెట్టేసి ముందుకెళ్లిపోతాం. మోటివేషన్ రీల్స్ అన్నీ ఇలాగే ఉంటాయి. నాకు మాత్రం ఆ వార్డు ఇంకోలా కనిపిస్తుంది. అక్కడ పడుకున్న రోగికి అర్ధరాత్రి ఒళ్లు తూలుతుంటే, పక్కన బెడ్‌పాన్ పట్టుకుని నిలబడ్డ మనిషికి ఆ లక్షణాలన్నీ తెలుసు. నోరు విప్పే అధికారం లేదు. ఇవాళ కూడా లండన్‌లో కేర్ హోముల్లో పనిచేసే బీఎస్సీ నర్సింగ్ అమ్మాయిల్ని, టొరంటోలో టాక్సీ నడిపే డాక్టర్లని అడిగితే ఈ నోరు కట్టేసుకోవడం గురించే ముందు చెప్తారు. జీతం గురించి తర్వాత.

పైగా ఆ రోజుల్లో అమెరికాలో మనవాళ్ల పరిస్థితి ఇంకో రకంగానూ బిగుసుకుంది. 1917 వలస చట్టం ఆసియాలో ఎక్కువ భాగం నుంచి కూలీలు, వలసదారులు రాకుండా తలుపు మూసింది, విద్యార్థులకి మాత్రం సందు వదిలింది. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు ఒక తీర్పు ఇచ్చింది. భారతీయులు చట్టం దృష్టిలో తెల్లవాళ్లు కాదు, కాబట్టి పౌరసత్వం పొందే అర్హత లేదు అని దాని సారాంశం. తర్వాత 1930ల్లో ఐరోపా నుంచి హిట్లర్‌కి భయపడి పారిపోయి వచ్చిన డాక్టర్లు పెరిగేసరికి, చాలా రాష్ట్రాలు మెడికల్ లైసెన్స్ కావాలంటే పౌరసత్వం ఉండాలని రూల్ పెట్టాయి. ఇప్పుడు ఈ రెండూ కలిపి చదవండి. వైద్యం చేయాలంటే లైసెన్స్ కావాలి, లైసెన్స్ కావాలంటే పౌరసత్వం కావాలి, పౌరసత్వం నీకు పుట్టుకతోనే లేదు. కోడ్ రాసేవాళ్లం దీన్ని ఇన్ఫినిట్ లూప్ అంటాం. ఎంత సేపు తిరిగినా బయటపడే దారి అందులో లేదు.

దారి పక్కకి తిరిగింది

ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమా అయ్యాక సుబ్బారావు ఇంటికి తిరిగి రాలేదు. హార్వర్డ్‌లోనే బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. రోగిని ముట్టుకోవడానికి లైసెన్స్ కావాలి. టెస్ట్ ట్యూబ్‌ని ముట్టుకోవడానికి అక్కర్లేదు.

మీలో ఎంఎల్‌టీ, బయోకెమిస్ట్రీ చదివేవాళ్లు ఇప్పుడు కొంచెం దగ్గరికి రండి. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలవడానికి ప్రాక్టికల్స్‌లో ఫిస్కే-సుబ్బారో పద్ధతి అని చేస్తారు కదా. ఆ సుబ్బారో ఈయనే. 1925లో వచ్చిన పేపర్ అది. అప్పటిదాకా ఉన్న పద్ధతులు తప్పుల తడకలు. వీళ్లు చేసింది ఏంటంటే, శాంపిల్‌లో మాలిబ్డేట్ కలుపుతారు, అది ఫాస్ఫేట్‌తో జత కడుతుంది. దానికి ఇంకో రసాయనం చేరిస్తే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. రంగు చిక్కదనం చూసి లెక్క చెప్పేయొచ్చు. వినడానికి చిన్న విషయంలా ఉంది గానీ, ఆ పేపర్‌ని తర్వాత ప్రపంచమంతా ఎన్నిసార్లు ఉటంకించిందంటే, సైన్స్ చరిత్రలో ఎక్కువగా ఉదహరించిన పత్రాల్లో అదొకటి.

అసలు మజా తర్వాత జరిగింది. కండ నుంచి తీసిన రసంతో ఇదే పరీక్ష చేస్తే రంగు ఒక్కసారిగా రాకుండా మెల్లమెల్లగా చిక్కబడుతోంది. వేరేవాళ్లయితే రీడింగ్ తేడా వచ్చిందని పారబోసి మళ్లీ మొదలెట్టేవాళ్లు. మనం ల్యాబ్‌లో చేసేది అదే, పక్కోడి రికార్డ్ చూసి విలువ సరిచేసుకోవడం. వీళ్లు ఎందుకు ఆలస్యమవుతోందని పట్టుకున్నారు. కండలో ఫాస్ఫేట్‌ని పట్టుకుని ఉన్న ఏదో పదార్థం మెల్లగా విడిపోతోంది, అందుకే ఈ ఆలస్యం. దాన్ని వేరు చేస్తే ఫాస్ఫోక్రియాటిన్ అని తేలింది. 1927లో ప్రకటించారు. రెండేళ్ల తర్వాత, 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా అదే కనుక్కున్నారు. ఇంటర్ బైపీసీలో మనం బట్టీ పట్టిన ఆ మూడక్షరాలు, కణానికి కరెన్సీ అని మాస్టారు చెప్పిన ఏటీపీ, అందులో మన భీమవరం చెయ్యి ఉంది.

కండరం ఎలా పనిచేస్తుందో చెప్పినందుకు హిల్, మేయర్‌హాఫ్ అనే ఇద్దరికి 1922 నోబెల్ ఇచ్చారు. లాక్టిక్ ఆమ్లం చుట్టూ అల్లిన వాళ్ల వివరణని ఈ కొత్త ఫలితాలు కుదిపేశాయి. సుబ్బారావుకి 1930లో పీహెచ్‌డీ వచ్చింది. ఇక ఉద్యోగం స్థిరపడుతుందని ఎవరైనా అనుకుంటారు. పడలేదు. మరో పదేళ్లు అదే హార్వర్డ్‌లో పనిచేసినా శాశ్వత అధ్యాపక పదవి దక్కలేదు. ల్యాబ్‌లో తీసిన ఫలితాలన్నీ బయటికీ రాలేదు. తర్వాత 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ దీని గురించి మాట్లాడారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లు ఫిస్కే అసూయ వల్ల వెలుగు చూడలేదని, వాటిని ఏళ్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందని ఆయన చెప్పిన మాటల సారాంశం. వీసా, పదవి, సిఫార్సు ఉత్తరం అన్నీ ఒకే గైడ్ చేతిలో ఉన్న పరదేశీ విద్యార్థి ఏమని పోట్లాడతాడు? రీసెర్చ్ చేస్తున్న మీ సీనియర్లని అడగండి, ఈ సీన్ పాతబడలేదని చెప్తారు.

1940లో హార్వర్డ్ వదిలేసి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే లేబొరేటరీస్ అనే మందుల కంపెనీలో చేరారు. 1942కి అక్కడ రీసెర్చ్ డైరెక్టర్. పౌరుడు కాదు, లైసెన్స్ లేదు, కానీ రెండో ప్రపంచ యుద్ధ సమయంలో అమెరికాలోని పెద్ద మందుల ల్యాబ్‌ల్లో ఒకదానికి ఆయనే పెద్ద. యూనివర్సిటీ ఇవ్వనిది కంపెనీ ఇచ్చింది. ప్రైవేటు అంటే చిన్నచూపు చూసే మన ఇళ్లల్లో ఈ ముక్క ఒకసారి చెప్పి చూడండి.

లెడర్లేలో ఎనిమిదేళ్లు. ఆ ఎనిమిదేళ్లలో జరిగింది చూస్తే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. మొదట ఫోలిక్ యాసిడ్. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకి వచ్చే రక్తహీనత ఈస్ట్‌తో తగ్గుతోందని లూసీ విల్స్ అనే డాక్టర్ 1930 ప్రాంతంలో గమనించారు. ఆ ఈస్ట్‌లో ఉన్నదేంటో తేల్చి, 1945 నాటికి ఫ్యాక్టరీలో తయారయ్యేలా చేసింది సుబ్బారావు బృందం. మీ వదినో, అక్కో కడుపుతో ఉన్నప్పుడు ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండే రెండో మందు ఇదే. ఇంకో మాట. స్ప్రూ జబ్బుకి కూడా ఈ ఫోలిక్ యాసిడ్ పనిచేస్తుందని తేలింది. ఇద్దరు అన్నదమ్ముల్ని తీసుకెళ్లిన జబ్బు అది. మందు దొరికేసరికి ఏళ్లకి ఏళ్లు గడిచిపోయాయి.

తర్వాత యాంటీబయాటిక్. యూనివర్సిటీ నుంచి రిటైరై, డెబ్బై దాటిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్తని లెడర్లే చేర్చుకుంది. ఆయన మట్టిలో బ్యాక్టీరియా వెతికి ఆరియోమైసిన్ పట్టుకున్నారు. టెట్రాసైక్లిన్ మందుల వంశంలో అది మొదటిది. 1994లో సూరత్‌లో ప్లేగు అని దేశమంతా వణికినప్పుడు జనం మందుల షాపుల ముందు క్యూ కట్టింది ఆ వంశపు మాత్రల కోసమే. పట్టా చూసి తనని తలుపు దగ్గర ఆపేస్తే ఎలా ఉంటుందో తెలిసిన మనిషి నడిపే ల్యాబ్‌లో, వయసు చూసి డగ్గర్‌ని ఎవరూ ఆపలేదు. ఇది నా ఊహే, కానీ నాకు నచ్చిన ఊహ.

ఇక మూడోది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ రక్త క్యాన్సర్ పిల్లల్ని చూసేవారు. ఆ రోజుల్లో ఆ జబ్బు వచ్చిందంటే వారాలు, నెలలు లెక్కపెట్టుకోవడమే. ఫోలిక్ యాసిడ్ రకం మందు ఇస్తే జబ్బు ఇంకా ఎగదోసినట్టు కనిపించింది. అయితే ఫోలిక్ యాసిడ్‌ని అడ్డుకునే మందు ఇస్తే? ఫోలిక్ యాసిడ్‌లా కనిపిస్తూనే దాని పని జరగనివ్వని దొంగ అణువులు లెడర్లేలో తయారయ్యాయి. తాళానికి దూరి తిరగని తాళంచెవి లాంటివి. అందులో ఒకటి అమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ బృందం ఫలితాలు ప్రకటించింది. 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. ఆ ఉపశమనం తాత్కాలికమే, మళ్లీ తిరగబెట్టింది. కానీ మందుతో రక్త క్యాన్సర్‌ని వెనక్కి నెట్టొచ్చని లోకం చూసింది అప్పుడే. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ ఇవాళ కూడా క్యాన్సర్ వార్డుల్లోనూ, కీళ్లవాతం చీటీల్లోనూ ఉంది.

బోస్టన్ మ్యాప్ తెరిచి చూడండి. ఆ పిల్లల ఆసుపత్రి, సుబ్బారావు రాత్రుళ్లు బెడ్‌పాన్లు కడిగిన బ్రిగామ్ ఆసుపత్రి, పగలు చదివిన హార్వర్డ్ మెడికల్ స్కూల్ అన్నీ లాంగ్‌వుడ్ అనే ఒకే పేటలో పక్కపక్కన ఉంటాయి. పోర్టర్‌గా నడిచిన ఆ వీధిలోకే ఆయన పంపిన మందు చేరింది. ఆ మందు చీటీ మీద రాసే హక్కు మాత్రం ఆయనకి చివరిదాకా రాలేదు.

ఇవాళ మీరైతే

ఇప్పుడు ఆ గుమ్మం రాతపూర్వకంగా ఉంది. అది పెద్ద తేడా. బ్రాడ్‌ఫీల్డ్ మూడ్ ఎలా ఉందో చూసుకోనక్కర్లేదు. అమెరికాలో డాక్టర్ కావాలంటే ఈసీఎఫ్‌ఎంజీ సర్టిఫికేషన్, యూఎస్‌ఎంఎల్‌ఈ, ఆపైన రెసిడెన్సీ. స్టెప్ 1 పరీక్షకి 2022 నుంచి మార్కులు లేవు, పాస్ లేదా ఫెయిల్ అంతే. నర్సులకి ఎన్‌క్లెక్స్. బ్రిటన్‌లో నర్సులకి ముందు కంప్యూటర్ పరీక్ష, తర్వాత అక్కడికి వెళ్లి చేత్తో చేసి చూపించే ఓస్కీ. జర్మనీకైతే అన్నిటికన్నా ముందు భాష. మన తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులకి జర్మన్ నేర్పించి పంపే కార్యక్రమం నడుపుతోంది. ఇటు మన దేశమూ తక్కువ తినలేదు. ఫిలిప్పీన్స్‌లోనో, జార్జియాలోనో ఎంబీబీఎస్ చదివొచ్చిన మనవాళ్లని ఎఫ్‌ఎంజీఈ గుమ్మం దగ్గర ఆపుతుంది. 300 ప్రశ్నలకి 150 రావాలి.

ఎల్‌ఎంఎస్‌కీ ఎంబీబీఎస్‌కీ మధ్య ఉన్న ఆ ఒక్క మెట్టు లాంటిది ఇప్పటికీ ఉంది, అదీ మన ఊళ్లల్లో చాలామంది చదివే కోర్సులో. అమెరికాలో ఫార్మసిస్ట్ లైసెన్స్‌కి విదేశీ గ్రాడ్యుయేట్లు రాసే ఎఫ్‌పీజీఈఈ పరీక్షకి, 2003 తర్వాత చదువు ముగించిన వాళ్లయితే కనీసం ఐదేళ్ల ఫార్మసీ కోర్సు ఉండాలి. మన బీఫార్మసీ నాలుగేళ్లు. ఎంత ర్యాంకర్ అయినా ఆ పరీక్ష హాల్లోకే రానివ్వరు. 2008లో మన దగ్గర మొదలైన ఫార్మ్‌డీ ఆరేళ్లు, దానికి ఆ ఇబ్బంది లేదు. ఈ ముక్క కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే రోజు తెలిస్తే ఉపయోగం, నాలుగో ఏడాది ఫేర్‌వెల్ రోజు తెలిస్తే ఏడుపు.

ఇంకోటి, పేరు. సుబ్బారావు ఇంగ్లిష్‌లో తన పేరు చివర రావు అని కాకుండా రో అని రాసుకునేవారు. ఆ కాలంలో నడిచింది. మీ టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, డిగ్రీలో చివర, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే ఇప్పుడు నడవదు. మా పిన్ని కూతురు నర్సింగ్ చదివింది. పరీక్షల కన్నా ఎక్కువ కాలం ఆమెని ఏడిపించింది రెండు కాగితాలు. ఒకటి, మెమోలో ఒక అక్షరం తప్పు. రెండు, కాలేజీ నుంచి నేరుగా సీల్ వేసి పంపాల్సిన ట్రాన్‌స్క్రిప్ట్. మన చేత్తో తీసుకెళ్లి ఇస్తే కుదరదు, చదివిన చోటు నుంచే వెళ్లాలి. ఆ కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. ఎనిమిది నెలలు తిరిగింది, గుమాస్తా సెలవు, ప్రిన్సిపాల్ మారారు, స్టాంపు లేదు. ఆ ఎనిమిది నెలలూ ఊళ్లో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో నెలకి చెప్పుకోలేని జీతానికి నైట్ డ్యూటీలు చేసింది. కాలేజీలో ఉండగానే ఆ కాగితాలు నాలుగు సెట్లు తీసి పెట్టుకుంటే సరిపోయేదని ఇప్పుడు తన జూనియర్లకి చెప్తోంది.

శేషగిరిగారి సంగతి

మామగారి సాయం బరువు ఎవరు మోశారో చెప్తానన్నాను కదా. శేషగిరిగారు. ఆయన వెళ్లాక బాబు పుట్టి పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డని చూడలేదు. చదువు ముగించి వస్తానన్న మనిషి పాతికేళ్లు గడిచినా రాలేదు. వాళ్లిద్దరూ మళ్లీ కలుసుకోలేదు. మనం రాసే జీవిత కథల్లో ఆమెకి ఒక వాక్యం ఇస్తాం, త్యాగమయి అని. ఆమెని ఎవరూ అడిగి పంపినట్టు నాకు అనిపించదు. లైసెన్స్, పౌరసత్వం లేని మనిషికి అక్కడ కాలు నిలవలేదు. ఇక్కడ ఎల్‌ఎంఎస్‌కి ల్యాబ్ లేదు. అలా అని ఉత్తరాలతో సరిపెట్టిన ఆయన తప్పు మాఫీ అయిపోతుందా అంటే, నేనైతే కాదనే అంటాను. మీరు విదేశం వెళ్లేటప్పుడు ఇంట్లో ఎన్నేళ్లని చెప్తున్నారో, ఆ లెక్కలో ఎన్ని పరీక్షలు, ఎన్ని వీసా ఏళ్లు కలిపారో ఒకసారి చూసుకోండి. ఎదురుచూసేవాళ్లకి ఆ అంకె తెలియాలి.

1946లో ల్యూస్-సెల్లర్ చట్టం వచ్చింది. భారతీయులు అమెరికా పౌరులు కావొచ్చని అంది. ఏడాదికి వందమంది వలస రావొచ్చని కోటా పెట్టింది. తలుపు తెరుచుకునేసరికి సుబ్బారావుకి యాభై దాటాయి. 1948 ఆగస్టులో, ఫార్బర్ ఫలితాలు వచ్చిన రెండు నెలలకి, న్యూయార్క్‌లో నిద్రలోనే గుండె ఆగి పోయారు. 53 ఏళ్లు. అప్పటికీ ఆయన అమెరికా పౌరుడు కాదు. 1953లో ఒక కొత్త బూజుకి శాస్త్రవేత్తలు ఆయన పేరు పెట్టారు, సుబ్బారోమైసెస్ అని. మన పోస్టల్ శాఖ శతజయంతికి 1995లో స్టాంపు వేసింది.

ఒక మందు చెప్పడం మర్చిపోయాను. 1947లో లెడర్లే నుంచి హెట్రజాన్ వచ్చింది, డీఈసీ అంటారు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగుల మీద పనిచేసే మాత్ర. గోదావరి జిల్లాల్లో పుట్టిన మనిషికి బోదకాలు అంటే ఏంటో పుస్తకంలో చదవనక్కర్లేదు, ప్రతి వీధిలో ఒక కాలు కనిపించేది. 2004 నుంచి మన దేశంలో ఆ జబ్బున్న జిల్లాల్లో ఊరంతటికీ ఈ మాత్రలు పంచే కార్యక్రమం నడుస్తోంది. మీ ఊరికి కూడా వచ్చి ఉంటారు. ఏఎన్ఎంతోనో, ఆశా కార్యకర్తతోనో ఒక అమ్మాయి గుమ్మంలో నిలబడి, మాత్ర చేతిలో పెట్టి, తన ఎదుటే మింగమంటుంది. తర్వాత వేసుకుంటానంటే ఒప్పుకోదు.